బెసలేలు వంశావళి: హీబ్రూ లేఖనాల్లో వారసత్వం, దైవదత్త శిల్పనైపుణ్యం

హీబ్రూ లేఖనాల వరుసలో దేవుని ఆత్మతో నింపబడినవాడని పేరు పెట్టి చెప్పబడిన తొలి వ్యక్తి ప్రవక్త కాడు, రాజు కాడు, పనివాడు. నిర్గమకాండము 31వ అధ్యాయంలో ప్రత్యక్ష గుడార నిర్మాణానికి పిలుపు పొందిన బెసలేలు బంగారం, వెండి, ఇత్తడి పనులు, రత్నాలు సానబెట్టడం, చెక్కపని నేర్చినవాడు. అతడు యూదా గోత్రికుడు, ఊరు కుమారుడు, హూరు మనుమడు. నైపుణ్యం దైవదత్తమే అయితే మూడు తరాల వంశక్రమం చెప్పవలసిన అవసరం ఏమిటి?

తాత హూరు అమాలేకీయులతో యుద్ధవేళ అహరోనుతో పాటు మోషే చేతులను ఎత్తిపట్టి నిలిపినవాడు. మోషే కొండ ఎక్కినపుడు ప్రజల వ్యాజ్యాలను అహరోనుకూ అతనికీ అప్పగించాడు. అతడు సుత్తి పట్టినట్టు ఎక్కడా లేదు. తండ్రి ఊరు గురించి పేరు తప్ప మరేమీ తెలియదు. అంటే ఈ వంశావళి బెసలేలుకు గౌరవాన్ని ఇస్తున్నదే గాని వృత్తిని ఇవ్వడం లేదు. వృత్తికి మూలంగా గ్రంథం చూపేది ఆత్మను, దానితో వచ్చిన హోఖ్మా, తెవూనా, దఅత్ అనే మూడింటిని. సామెతలు 3వ అధ్యాయంలో భూమ్యాకాశాల సృష్టికి సాధనాలుగా చెప్పినవి కూడా ఈ మూడు పదాలే. హోఖ్మాను తెలుగులో 'జ్ఞానం' అన్నప్పుడు మనకు గ్రంథపాండిత్యం స్ఫురిస్తుంది. ఈ సందర్భంలో దాని అర్థం చేతి నేర్పుకు దగ్గర.

రాజులు మొదటి గ్రంథం 7వ అధ్యాయానికి వస్తే పరిస్థితి తారుమారవుతుంది. సొలొమోను తూరు నుండి రప్పించిన హీరాము నఫ్తాలి గోత్రపు విధవరాలి కుమారుడు. తండ్రి తూరు పట్టణపు ఇత్తడి పనివాడు. 18 మూరల ఎత్తు గల రెండు స్తంభాలను పోతపోసిన ఈ శిల్పికి కూడా ఆ మూడు పదాలనే వాడారు. దేవుని ఆత్మ ప్రస్తావన మాత్రం లేదు. దాని స్థానంలో తండ్రి వృత్తి ఉంది. ఈ లోపం యాదృచ్ఛికమని నేననుకోను.

దినవృత్తాంతముల రెండవ గ్రంథం 2వ అధ్యాయంలో ఇదే శిల్పి హూరాము అబీ. ఇక్కడ తల్లి దాను వంశపు స్త్రీ. ఆమె పుట్టుకచేత దాను గోత్రికురాలని, నఫ్తాలి గోత్రికుని పెండ్లాడి విధవరాలైందని సమన్వయించేవారున్నారు. ఆ సమన్వయం తల్లి గోత్రానికి సరిపోవచ్చు గాని, మిగిలిన మార్పులను వివరించదు. రాజులు గ్రంథంలో ఇత్తడి పనికే పరిమితమైన శిల్పి ఇక్కడ బంగారం, వెండి, రాయి, చెక్క, ఊదా నూలు, సన్ననార పనులు, చెక్కడపు పని అన్నీ తెలిసినవాడయ్యాడు. ఇది నిర్గమకాండపు పట్టికకు ప్రతిధ్వని. బెసలేలు సహచరుడైన అహోలీయాబు దాను గోత్రికుడే. 'అబీ' చేర్పు కూడా అతని పేరు చివరను తలపింపజేస్తుంది. దినవృత్తాంతముల మొదటి గ్రంథం 2వ అధ్యాయం ప్రకారం బెసలేలు, దావీదు ఇద్దరూ హెస్రోను సంతతి. అప్పుడు యూదావాడు ఒకడు, దాను సంబంధీకుడు ఒకడు గుడారాన్ని నిర్మించినట్టే దేవాలయాన్నీ నిర్మించినట్టవుతుంది.

ఈ గ్రంథరచన పారశీక పాలనాకాలపు చివరిభాగానిదని, సుమారు క్రీ.పూ. 4వ శతాబ్దానిదని ఎక్కువమంది పండితులు భావిస్తారు. చెర నుండి తిరిగి వచ్చిన సమాజంలో వంశావళి ఒక అధికారపత్రం. అది దొరకని యాజక కుటుంబాలను యాజకత్వం నుండి తొలగించిన సంగతి ఎజ్రా 2వ అధ్యాయంలో ఉంది. సన్ననార నేసే కుటుంబాలనూ, రాజు పనిలో ఉన్న కుమ్మరులనూ యూదా వంశావళిలో చేర్చిన గ్రంథకర్త పరదేశి కుమారుడైన శిల్పికి కూడా ఇశ్రాయేలు పరంపరలో చోటు వెదకడం సహజమే. కాని ఆత్మ ఇచ్చిన దానిని గోత్రానికి అప్పగించడం చిన్న మార్పు కాదు.

నిర్గమకాండము 35వ అధ్యాయం ఈ దారికి అడ్డు నిలుస్తుంది. బెసలేలు, అహోలీయాబులకు దేవుడు ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా ఇచ్చాడని అక్కడ ఉంది. నేర్చుకునేవారు వారి కుమారులే కావాలన్న షరతు లేదు. ఆ ఇద్దరి సంతానంలో ఎవరూ శిల్పులుగా కనబడరు. అదే అధ్యాయంలో మేకవెండ్రుకలు వడికిన స్త్రీలు ఉన్నారు. వారి తండ్రుల పేర్లు లేవు, గోత్రాలు లేవు, వారి పేర్లు కూడా లేవు. అయినా వారి నేర్పుకు గ్రంథం వాడిన మాట హోఖ్మాయే.