ఎలక్ట్రానిక్ హాజరు నమోదు విధానాలు – కార్మిక చట్టాల నిబంధనలు

కార్మికుని వేతనానికి మూలాధారం హాజరు. ఒకప్పుడు ఈ హాజరును మేస్త్రీ లేదా టైమ్ కీపర్ మస్టరు రోలులో చేతితో నమోదు చేసేవారు. నేడు అనేక కర్మాగారాలు, వాణిజ్య సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలలో ఆ పనిని కార్డు యంత్రాలు, వేలిముద్ర యంత్రాలు, ముఖ గుర్తింపు పరికరాలు, మొబైల్ ఫోన్ యాప్‌లు నిర్వర్తిస్తున్నాయి. నమోదు చేసే సాధనం మారినప్పటికీ పని గంటలు, విశ్రాంతి, అదనపు పనికి వేతనం, కోతల విషయంలో యాజమాన్యానికి గల చట్టపరమైన బాధ్యతలో మార్పు లేదు. యంత్రం నమోదు చేసిన సమయం ఏ మేరకు చెల్లుబాటవుతుంది, దాని ఆధారంగా ఎంత వేతనం కోయవచ్చు, వివాదం తలెత్తినప్పుడు రుజువు చేయవలసిన బాధ్యత ఎవరిది అనే అంశాలపై ప్రస్తుత నిబంధనల వివరాలు ఈ దిగువన ఇవ్వబడ్డాయి.

కాగితపు రిజిస్టరు నుండి కంప్యూటరుకు

1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, ఫ్యాక్టరీల చట్టాల క్రింద యాజమాన్యాలు వేర్వేరు రిజిస్టర్లను నిర్వహించవలసి ఉండేది. ఫ్యాక్టరీల చట్టంలోని 61వ సెక్షన్ ప్రకారం పని వేళలను తెలిపే నోటీసును కర్మాగారంలో ప్రదర్శించాలి. 62వ సెక్షన్ వయోజన కార్మికుల రిజిస్టరును నిర్దేశించింది. ఆ నోటీసుకు, రిజిస్టరులోని నమోదుకు భిన్నంగా ఏ కార్మికుని చేతనూ పని చేయించరాదని 63వ సెక్షన్ పేర్కొన్నది. వేతనాల రిజిస్టర్లను చివరి నమోదు జరిగిన తేదీ నుండి మూడు సంవత్సరాల పాటు భద్రపరచాలని వేతనాల చెల్లింపు చట్టం నిర్దేశించింది.

ఎలక్ట్రానిక్ రికార్డులకు చట్టబద్ధ గుర్తింపు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టంతో లభించింది. ఈ చట్టం అదే సంవత్సరం అక్టోబరు 17 నుండి అమలులోకి వచ్చింది. లిఖితపూర్వకంగా ఉండాలని చట్టం కోరిన సమాచారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉండి, తర్వాత చూసుకొనుటకు వీలుగా లభ్యమైతే సరిపోతుందని దీని 4వ సెక్షన్ పేర్కొన్నది. చిన్న సంస్థలకు సంబంధించి 1988 నాటి మినహాయింపుల చట్టానికి 2014లో చేసిన సవరణ ద్వారా రిజిస్టర్లను కంప్యూటరులో నిర్వహించుటకు స్పష్టమైన అనుమతి లభించింది.

అనంతరం 2017 ఫిబ్రవరిలో కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ జారీ చేసిన నియమాల ద్వారా 9 కేంద్ర కార్మిక చట్టాల క్రింద గల 56 రిజిస్టర్ల స్థానంలో 5 ఉమ్మడి రిజిస్టర్లు ప్రవేశపెట్టబడ్డాయి. వీటిలో హాజరు రిజిస్టరు ‘డి’ ఫారంగా నిర్దేశించబడింది. ఈ రిజిస్టర్లను ఎలక్ట్రానిక్ రూపంలో నిర్వహించుకొనే వీలు కూడా కల్పించబడింది.

కొత్త కోడ్‌ల నిబంధనలు

29 కేంద్ర కార్మిక చట్టాలను క్రోడీకరించి రూపొందించిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చాయి. కొత్త వ్యవస్థకు మారే కాలంలో పాత చట్టాల సంబంధిత నిబంధనలు, నియమాలు, నోటిఫికేషన్లు కొనసాగుతాయని కేంద్ర ప్రభుత్వం ఆ సందర్భంగా ప్రకటించింది. హాజరు నమోదుకు సంబంధించి వీటిలో రెండు కోడ్‌లు ముఖ్యమైనవి.

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020: ఈ కోడ్‌లోని 33వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థ ఎలక్ట్రానిక్ రూపంలో గాని, ఇతర రూపంలో గాని రిజిస్టరు నిర్వహించాలి. కార్మికులు చేసిన పని, రోజువారీ సాధారణ పని గంటలు, ఏడు రోజులకు ఒక విశ్రాంతి దినం, చెల్లించిన వేతనం, సెలవులు, అదనపు పని, హాజరు మొదలగు వివరాలు అందులో ఉండాలి. రోజుకు 8 గంటలకు మించి పని చేయించరాదని 25వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. అదనపు పనికి కార్మికుని సమ్మతి అవసరమని, దానికి రెట్టింపు రేటున వేతనం చెల్లించాలని, అదనపు గంటలను రోజువారీగా లేక వారం వారీగా, ఏది కార్మికునికి మేలైతే ఆ విధంగా లెక్కించాలని 27వ సెక్షన్ స్పష్టం చేస్తున్నది.

వేతనాల కోడ్, 2019: ఉద్యోగుల వివరాలు, మస్టరు రోలు, వేతనాలతో కూడిన రిజిస్టరు నిర్వహణను, వేతన చీటీల జారీని 50వ సెక్షన్ తప్పనిసరి చేసింది. వ్యవసాయ లేదా ఇంటి పనులకు ఐదుగురికి మించకుండా నియమించుకొనే వారికి మాత్రం ఈ సెక్షన్ నుండి మినహాయింపు ఉన్నది.

తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి

కార్మిక విషయాలు రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఉన్నందున రాష్ట్ర చట్టాలకు కూడా ప్రాధాన్యత ఉన్నది. దుకాణాలు, వాణిజ్య సంస్థలకు 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం వర్తిస్తున్నది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణ ఇదే చట్టాన్ని అన్వయించుకొన్నది. తెలంగాణలో 2025 జూలైలో జారీ అయిన ఉత్తర్వులు దుకాణాలు మినహా వాణిజ్య సంస్థలలో వారానికి 48 గంటల పరిమితికి లోబడి రోజుకు 10 గంటల వరకు పనికి వీలు కల్పించాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూడా 2025 సెప్టెంబరులో రోజువారీ పరిమితిని 10 గంటలకు పెంచే సవరణ బిల్లులను ఆమోదించింది.

ఈ మార్పుల దృష్ట్యా హాజరు యంత్రంలో కేవలం రాకపోకల సమయం నమోదైతే సరిపోదు. రోజువారీ గంటలతో పాటు వారపు మొత్తం, విశ్రాంతి విరామం, అదనపు గంటలు విడివిడిగా తెలియవలసి ఉన్నది. రోజు పరిమితిని మాత్రమే లెక్కించే సాఫ్ట్‌వేరు వారపు పరిమితి దాటిన గంటలను గుర్తించలేదు. తత్ఫలితంగా కార్మికుడు రెట్టింపు వేతనం కోల్పోయే ప్రమాదం ఉన్నది.

నిమిషాల ఆలస్యం – వేతన కోత

ఎలక్ట్రానిక్ హాజరుపై తరచుగా తలెత్తే వివాదం ఆలస్యానికి వేతన కోత. పనికి హాజరు కాని కాలానికి మాత్రమే, ఆ కాలపు నిష్పత్తికి మించకుండా కోత విధించాలనే సూత్రం 1936 చట్టంలో ఉన్నది. వేతనాల కోడ్‌లోని 20వ సెక్షన్ దానినే కొనసాగించింది. ఉదాహరణకు 8 గంటల పనికి 800 రూపాయల దినసరి వేతనం పొందే కార్మికుడు 15 నిమిషాలు ఆలస్యంగా వచ్చినట్లయితే గంటకు 100 రూపాయల చొప్పున కోత 25 రూపాయలకు మించరాదు. యంత్రంలోని సాఫ్ట్‌వేరు దానిని అరపూట గైరుహాజరుగా మార్చి 400 రూపాయలు తగ్గించినట్లయితే అది ఈ సూత్రానికి విరుద్ధమవుతుంది. అదే కార్మికుడు 8 గంటల పరిమితి గల చోట ఒక గంట అదనంగా పని చేసినచో 200 రూపాయలు చెల్లించవలసి ఉంటుంది. అన్ని రకాల కోతలు కలిపి వేతనంలో 50 శాతానికి మించరాదని 18వ సెక్షన్ పరిమితి విధించింది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు అమలులో గల పద్ధతి వేరు. వారు ఆలస్యంగా హాజరైన రోజుకు అరపూట సాధారణ సెలవు తగ్గించవచ్చు. తగిన కారణం ఉన్నప్పుడు గంట వరకు ఆలస్యాన్ని నెలకు రెండు పర్యాయాలకు మించకుండా అధికారి మన్నించవచ్చు. ఇది సెలవు ఖాతాకు సంబంధించిన పాలనాపరమైన నిబంధన. దీనిని కర్మాగార కార్మికుల వేతన కోతకు ఆధారంగా చూపుట సరికాదు.

వేలిముద్రలు, ముఖ గుర్తింపు – వ్యక్తిగత సమాచారం

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలో ఆధార్ అనుసంధానిత బయోమెట్రిక్ హాజరు విధానం 2014లో ప్రారంభమైంది. కోవిడ్ వ్యాప్తి కారణంగా 2020 మార్చిలో నిలుపుదల చేసిన ఈ విధానాన్ని 2021 నవంబరు 8 నుండి పునరుద్ధరించారు. ఉద్యోగులను ముందుగా సంప్రదించలేదన్న కారణంతో మాత్రమే బయోమెట్రిక్ హాజరు చట్టవిరుద్ధం కాబోదని ఒడిశాలోని అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తీర్పు చెప్పింది.

అయితే సేకరించిన సమాచారాన్ని కాపాడే బాధ్యత యాజమాన్యంపై ఉన్నది. 2011 నాటి సమాచార సాంకేతిక నియమాలు బయోమెట్రిక్ సమాచారాన్ని సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా పరిగణించాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆమోదం పొందగా, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై చేయబడ్డాయి. ముఖ్య నిబంధనలు నోటిఫికేషన్ నుండి 18 నెలల గడువుతో అమలుకు నిర్దేశించబడ్డాయి.

రాళ్లు, సిమెంటు, సున్నం, రసాయనాలతో పని చేసే శ్రామికుల వేలిముద్రలు అరిగిపోవుట వలన యంత్రం వాటిని గుర్తించకపోవడం తరచుగా జరిగేదే. విద్యుత్తు, ఇంటర్నెట్ అంతరాయాలు కూడా ఇటువంటి ఇబ్బందులకు దారి తీస్తాయి. పని చేసిన రోజుకు వేతనం చెల్లించవలసిన బాధ్యత యంత్రం పని చేయడంపై ఆధారపడి ఉండదు. కావున ప్రత్యామ్నాయంగా చేతితో నమోదు చేసే రిజిస్టరును అందుబాటులో ఉంచుట, అందులో కార్మికుని సంతకం, పర్యవేక్షకుని ధ్రువీకరణ పొందుట ఉభయులకూ శ్రేయస్కరం.

రుజువు చేయవలసింది ఎవరు?

వేతనం చెల్లించలేదని, తక్కువ చెల్లించారని లేక అనుమతి లేని కోత విధించారని కార్మికుడు క్లెయిము దాఖలు చేసినప్పుడు, బకాయిలు చెల్లించినట్లు రుజువు చేయవలసిన బాధ్యత యాజమాన్యానిదేనని వేతనాల కోడ్‌లోని 59వ సెక్షన్ పేర్కొన్నది. క్లెయిము దాఖలుకు మూడు సంవత్సరాల గడువు ఉన్నది. హాజరు రికార్డు లోపభూయిష్టంగా ఉంటే ఆ లోపం వలన కలిగే నష్టం ప్రధానంగా యాజమాన్యంపైనే పడుతుంది. రికార్డులు నిర్వహించకపోయినా, సక్రమంగా నిర్వహించకపోయినా 10 వేల రూపాయల వరకు, చెల్లించవలసిన దానికన్నా తక్కువ చెల్లిస్తే 50 వేల రూపాయల వరకు జరిమానా విధించే వీలు 54వ సెక్షన్ కల్పించింది. ప్రాసిక్యూషన్‌కు ముందు లోపాన్ని సరిదిద్దుకొనుటకు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ లిఖితపూర్వకంగా అవకాశం ఇస్తారు.

కంప్యూటరు నుండి తీసిన ప్రతిని న్యాయస్థానంలో దాఖలు చేయునప్పుడు ధ్రువపత్రం అవసరమవుతుంది. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ క్రింద ఈ ధ్రువపత్రం తప్పనిసరి అని 2020 జూలైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ఈ ధ్రువపత్రంలో రెండు భాగాలుంటాయి. ఒక భాగంపై యంత్రానికి బాధ్యత వహించే వ్యక్తి, మరొక భాగంపై నిపుణుడు సంతకం చేయవలసి ఉంటుంది.

తనిఖీలో గమనించదగిన అంశాలు

తనిఖీ సమయంలో యంత్రంలోని మూల నమోదును, తర్వాత చేసిన సవరణలను, వేతన రిజిస్టరును, కార్మికునికి ఇచ్చిన వేతన చీటీని సరిపోల్చి చూడవలసి ఉంటుంది. మూల నమోదుకు, సవరణకు మధ్య తేడా ఉన్నట్లయితే ఆ సవరణ ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో చేశారో తెలియాలి. కాంట్రాక్టు కార్మికుల విషయంలో గేటు వద్ద నమోదైన సమయం కాంట్రాక్టరు చూపిన హాజరుతో సరిపోలుతున్నదా అనేది పరిశీలించవలసిన ముఖ్యాంశం. వేతన చీటీలో పని చేసిన రోజులు, అదనపు గంటలు, కోతలు విడివిడిగా చూపినప్పుడు కార్మికుడు తన లెక్కను తానే సరిచూసుకొనే అవకాశం కలుగుతుంది.