పగలు పని, రాత్రి చదువు: ఈ దేశంలో పాత బాటే

పని చేసుకుంటూనే పారాలీగల్ సర్టిఫికెట్ చదువుతానంటే, "ఈ వయసులో మళ్ళీ పుస్తకాలా?" అని మనవాళ్ళే అంటారు. కానీ ఆస్ట్రేలియాలో పనివాళ్ళు సాయంత్రం పూట చదువుకోవడం కొత్తేమీ కాదు. ఆ సాయంత్రాన్ని వాళ్ళు పోరాడి సంపాదించుకున్నారు.

1856 ఏప్రిల్ 21న మెల్‌బోర్న్‌లో రాతిపనివాళ్ళు పనిముట్లు కింద పెట్టి, యూనివర్సిటీ కడుతున్న చోటు నుంచి పార్లమెంటు దాకా నడిచారు. జీతం తగ్గకుండా ఎనిమిది గంటల పనిదినం సాధించారు. ఆ తర్వాత 1880ల్లో ఫ్రాన్సిస్ ఆర్మండ్ అనే సంపన్నుడు కార్మికుల కాలేజీకి 5,000 పౌన్లు ఇస్తానన్నాడు. జనం కూడా అంత డబ్బు పోగుచేయాలని షరతు పెట్టాడు. కార్మిక సంఘాలు చందాలకు ముందుకొచ్చాయి. అలా 1887లో వర్కింగ్ మెన్స్ కాలేజీ మొదలైంది. పగలంతా పని చేసినవాళ్ళు రాత్రి తరగతుల్లో కూర్చున్నారు. అదే నేటి ఆర్‌ఎంఐటి యూనివర్సిటీ.

అయితే ఆ తలుపు మనలాంటి వాళ్ళకి తెరుచుకోలేదు. 1901 చట్టం కింద, వలస వచ్చేవాళ్ళకి అధికారి తనకి నచ్చిన ఏ యూరప్ భాషలోనైనా 50 మాటలు చదివి రాయమనేవాడు. రాకూడదనుకున్న మనిషిని తప్పించడానికే ఆ పరీక్ష. 1958లో గానీ అది పోలేదు.

1972 డిసెంబరులో మెల్‌బోర్న్ ఫిట్జ్‌రాయ్ టౌన్‌హాల్ కింది గదిలో, లాయరు ఫీజు కట్టలేనివాళ్ళ కోసం ఉచిత న్యాయ సహాయ కేంద్రం తెరిచారు. వాలంటీర్లు సాయంత్రాలు వచ్చి నడిపారు. 1974లో కంగన్ కమిటీ నివేదికతో టేఫ్ కాలేజీల వ్యవస్థకు పునాది పడింది. పెద్దవయసులో తిరిగి చదువుకునే హక్కుని ఆ నివేదిక గట్టిగా చెప్పింది.

ఇప్పుడు ఈ చదువు మనకెందుకు? ఉద్యోగం నుంచి అన్యాయంగా తీసేస్తే ఫెయిర్ వర్క్ కమిషన్‌కి 21 రోజుల్లో దరఖాస్తు చేయాలి. రావలసిన జీతం కోసం ఆరేళ్ళలోపు అడగాలి. 1,00,000 డాలర్ల వరకు చిన్న క్లెయిముల పద్ధతిలో కోర్టుకు వెళ్ళొచ్చు. అక్కడ లాయరుని పెట్టుకోవాలన్నా కోర్టు అనుమతి కావాలి. అంటే పేస్లిప్పులు, రోస్టర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తేదీల వారీగా పేర్చి, జరిగింది సూటిగా రాయడం మనకే వచ్చి ఉండాలి. న్యాయసేవల కోర్సుల్లో నేర్పేది ఇలాంటి పనే.

మన ఊళ్ళలో తాలూకా ఆఫీసు ముందు అర్జీలు రాసిపెట్టే మనిషి గుర్తున్నాడు కదా! అతనికి కాగితం తెలుసు కాబట్టే ఊరంతా అతని దగ్గరికి వెళ్ళేది. ఒక షెడ్డులో, ఒక కిచెన్‌లో అలాంటి మనిషి ఒక్కరున్నా చాలామందికి గడువు దాటిపోదు.

ఒక హెచ్చరిక. ఈ సర్టిఫికెట్ వస్తే లాయరు అయిపోరు. సొంతంగా న్యాయ సలహా ఇవ్వడం చట్టవిరుద్ధం. లాయరు పర్యవేక్షణలోనే పని చేయాలి. చేరేముందు కాలేజీకి గుర్తింపు ఉందో లేదో, మీ వీసా షరతులు చదువుకి ఒప్పుకుంటాయో లేదో చూసుకోండి. షిఫ్టు మారితే తరగతి ఎలాగో కూడా ముందే అడగండి.

ఒకప్పుడు ఈ దేశం మనలాంటి వాళ్ళని ఆపడానికి యాభై మాటలు రాయించింది. నేడు అదే దేశపు చట్టాన్ని మనమే చదివి, మన జీతం లెక్క మనమే రాసి చూపించవచ్చు.