ఆర్మాండ్ కళ్ళు కదిలిన రాత్రి

నీంద్‌లో ఉన్నవాళ్ళని గభాలున లేపితే మా దాదీమా ఒప్పుకునేది కాదు. నీంద్‌లో రూహ్ ఎక్కడికో వెళ్తుంది, వాపస్ వచ్చే మొహలత్ ఇవ్వాలి అనేది. సహరీకి లేపేటప్పుడు ముందు మా పాదాలు మెల్లగా నిమిరేది. సూరె జుమర్ 42వ ఆయత్‌లో మౌత్, నీంద్ రెండూ కలిపే వస్తాయి కదా, ఆమె యకీన్ అక్కడిదే. గ్రీకు కథల్లోనూ ఈ రెండూ కవల సోదరులే. సైన్స్‌వాళ్ళ లెక్క కూడా చాలాకాలం దాదాపు అంతే: రాత్రయితే దిమాగ్ దుకాణం బంద్.

ఈ లెక్క తప్పడం జర్మనీలోని యేనా పట్టణంలో మొదలైంది. హాన్స్ బెర్గర్ జవానీలో ఫౌజులో ఉండగా గుర్రం మీంచి పడి, మౌత్ అంచుల దాకా వెళ్ళొచ్చాడు. అదే రోజు దూరాన ఉన్న అక్క మనసుకి ఏదో కీడు తోచి, నాన్న చేత తార్ పంపించింది. దిమాగ్ నుంచి దిమాగ్‌కి ఖబర్ ఎలా పోతుందో తేల్చాలని డాక్టరయ్యాడు. అది తేలలేదు. కానీ 1924లో మనిషి దిమాగ్‌లోని బిజిలీ లహరులను కాగితం మీదికి దించాడు. కళ్ళు మూసుకుని ఊరికే కూర్చుంటే సెకనుకు 8 నుంచి 13. 1929లో అచ్చువేస్తే ఎక్కువమంది షక్ పడ్డారు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్ చేసి చూపాకే నమ్మారు.

1937లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ లూమిస్ అనే అమీర్, సొంత ఖర్చుతో నడిపే లేబొరేటరీలో, నీంద్ ఒకే ముద్ద కాదని చూపాడు. కునుకులో లహరులు నెమ్మదిస్తాయి, తర్వాత కదురు ఆకారంలో చిన్న గుత్తులు వస్తాయి, గాఢనిద్రలో సెకనుకు ఒకటో రెండో పెద్ద పెద్ద లహరులు. సహరీ అలారం ఆ మంజిల్‌లో మోగిందంటే కాసేపు మనకి దిక్కు తెలియదు.

అస్లీ హైరానీ 1951 డిసెంబర్‌లో. చికాగోలో యూజీన్ ఏసరిన్‌స్కీ అనే గరీబ్ విద్యార్థి, మూలపడిన పాత మిషన్‌కి ఎనిమిదేళ్ళ తన కొడుకు ఆర్మాండ్‌ని తగిలించాడు. నడిరాత్రి పెన్నులు పిచ్చిగా గీశాయి. పిల్లవాడు లేచాడనుకుని గదిలోకి వెళ్తే, బేఖబర్‌గా నిద్రపోతున్నాడు. మూసిన రెప్పల కింద కళ్ళు మాత్రం పరుగులు. లహరులు మేల్కొన్నవాళ్ళవిలాగే! ఉస్తాద్ క్లైట్‌మన్ తన కూతురి మీద తానే చూసుకుని గానీ ఒప్పుకోలేదు. ఆ వేళ లేపిన పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఖ్వాబ్ చెప్పారు. 1953లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. దాదాపు గంటన్నరకొకసారి ఈ ఖ్వాబ్ పహర్ వస్తుందని తర్వాత తేలింది.

పేపర్ అచ్చయిన ఏడాదే ఏసరిన్‌స్కీ నీంద్ పని వదిలేశాడు. ఇల్లు గడవాలి కదా. సియాటిల్ వెళ్ళి, సాల్మన్ చేపల మీద కరెంటు ఎలా పనిచేస్తుందో చూసే నౌకరీలో చేరాడు.