యానాం సర్కారు బడి: ఒక సింహావలోకనం

యానాంలో చదువు తెల్లదొరల బడితో మొదలు కాలేదు. ఫ్రెంచివారు 1723లో గౌతమీ తీరాన వర్తక స్థావరం పెట్టే నాటికే గోదావరి మండలమంతటా వీధిబడులు ఉన్నాయి. ఇసుకలో అక్షరాలు దిద్దించి, ఎక్కాలూ శతక పద్యాలూ వల్లె వేయించేవారు. ఊరు ఎన్నోసార్లు ఇంగ్లీషువారి చేతికి పోయి తిరిగొచ్చింది, 1839 ఉప్పెనను చూసింది. అయినా ఆ సంప్రదాయం తెగలేదు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు (1870–1950) చిన్నతనంలో ఈ ఊళ్ళోనే వేర్వేరు గురువుల దగ్గర తెలుగు, సంస్కృతం, ఇంగ్లీషు నేర్చుకున్నారు. పరాయి జెండా ఎగురుతున్న ఊళ్ళో అవధాని తయారయ్యాడంటే ఆ ఘనత అక్కడి పండితులదే.

ఫ్రాన్సులో 1881–82 చట్టాలు ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం చేసి బడిని చర్చి పెత్తనం నుంచి తప్పించాయి. ఆ భావన మెల్లగా వలసలకూ పాకింది. అయితే యానాంలో ఫ్రెంచి బడి అందరికీ ఒకే దూరం తీసుకెళ్ళలేదు. పై చదువు కావాలంటే పుదుచ్చేరి పోవాలి. ఫ్రెంచి వచ్చినవారికి అక్కడి కచేరీ కొలువులు, అదృష్టముంటే ఇండోచైనా ఉద్యోగాలు. ఇంగ్లీషు కావాలనుకున్నవారికి పొరుగున ఉన్న కాకినాడ. ఇంట్లో తెలుగు, కచేరీలో ఫ్రెంచి, సరిహద్దు దాటితే ఇంగ్లీషు. బిడ్డను ఏ బడిలో వేస్తే ఏ బతుకు దక్కుతుందో ప్రతి తండ్రీ లెక్క వేసుకోవలసి వచ్చేది.

ఆ చిన్న ఊరే దడాల రఫేల్ రమణయ్యను కన్నది. యానాంలోని ఫరంపేటలో పుట్టి, ఫ్రెంచి పోలీసు శాఖలో పనిచేసిన ఆయనే తర్వాత ఆ పాలనను ఎదిరించి, 1954 జూన్ 13న యానాం విమోచనకు ముందు నిలిచారు. అదే ఏడు నవంబరు 1న పాలన భారతదేశానికి వచ్చింది. చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. నా దృష్టిలో బడి చరిత్రకు అసలు మలుపు ఇదే. అప్పటిదాకా చదువు కొలువుకు మెట్టు. ఆ తర్వాత కనకాలపేట, మెట్టకూరు, దరియాలతిప్పల పల్లె పిల్లలకు కూడా అది హక్కు అయింది.

ఆ దశలో యానాం ఉన్నత పాఠశాలకు ఒక విచిత్రమైన ఏర్పాటు కుదిరింది. యానాంలాగే పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్న మాహే పిల్లలు కేరళ పాఠాలు, పుదుచ్చేరి, కారైకాల్ పిల్లలు తమిళనాడు పాఠాలు చదివితే, మనవారు ఆంధ్ర పాఠ్యపుస్తకాలు పట్టుకున్నారు. అప్పట్లో పదో తరగతి ప్రశ్నపత్రం ఆంధ్ర బోర్డుది, పంతులుగారి జీతం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి ప్రభుత్వానిది. ఈ ఏర్పాటు వల్లే తెలుగు ఇక్కడ బడి భాషగా నిలిచింది. కేంద్రపాలిత ప్రాంతం పేరుతో ఆ పిల్లలు తమ నేల నుంచి విడిపోలేదు. 1973లో ప్రభుత్వ కళాశాల వచ్చాక డిగ్రీ కోసం ఊరు విడవాల్సిన అవసరమూ తగ్గింది. 2002లో గౌతమి మీద వంతెన వచ్చి, అవతలి ఒడ్డున ఎదుర్లంక రేవులో పంటు కోసం విద్యార్థుల ఎదురుచూపులూ పోయాయి.

2023–24 నుంచి పుదుచ్చేరి ప్రభుత్వం తన బడులను సీబీఎస్ఈకి మార్చింది. దేశవ్యాప్త పోటీ పరీక్షల దృష్ట్యా ఆ నిర్ణయానికి బలమైన కారణాలే ఉన్నాయి. కానీ ఆంధ్ర పాఠాలతో ముడిపడిన తెలుగు ఇప్పుడు ఎంచుకుంటేనే దక్కే ఒక సబ్జెక్టుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. విద్యాశాఖ యానాం బడుల్లో తెలుగు పంతుళ్ళ పోస్టులను ఖాళీగా ఉంచకూడదు. పూర్వ విద్యార్థులు పాత హాజరు పట్టీలు, బృంద ఛాయాచిత్రాలు, ఫ్రెంచి నాటి సర్టిఫికెట్లు ఇళ్ళ అటకల మీద చెదలు పట్టకముందే బడికి చేర్చి, తమ చరిత్రను తామే రాసుకోవాలి.