తాతల నాటి కారును కొత్తగా మారుస్తున్నారా..? ముందు ఈ నంబర్లు చూడకపోతే అంతే సంగతులు!

ఊళ్లో షెడ్డులో దుమ్ముకొట్టుకుపోయిన అంబాసిడర్.. లేదంటే పక్క జిల్లాలో ఎవరో అమ్మకానికి పెట్టిన ఫియట్ 1100. పాత కార్లంటే పిచ్చి ఉన్నవాళ్లు చూడగానే మనసు పారేసుకుంటారు. బేరం కుదిరిన మర్నాడే బండి టింకరింగ్ షెడ్డుకు చేరిపోతుంది. తుప్పు గోకి, డోర్లు ఊడదీసి, లక్షలు ఖర్చుపెట్టాక అసలు విషయం బయటపడుతుంది. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబర్ ఒకటి.. బండి మీద ఉన్నది ఇంకొకటి! అప్పటికి అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

అందుకే మెకానిక్ పానా పట్టకముందే నంబర్లు సరిచూసుకోవాలి. పని మొదలైతే ఆధారాలే చెరిగిపోతాయి.

మన దేశంలో దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంతానికి వాడే టూవీలర్లు, ఫోర్‌వీలర్లు దీని కిందకు వస్తాయి. కానీ ఇక్కడే మెలిక. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చేసిన బండికి ఆ హోదా రాదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, రీ-రిజిస్ట్రేషన్‌కు రూ.5 వేలు ఫీజు. గడువు పదేళ్లు. కొత్తగా ఇచ్చే నంబర్‌లో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అని ఉంటుంది. ఇప్పటికే రిజిస్టరైన బండి మాత్రం తన పాత నంబర్‌నే ఉంచుకోవచ్చు. చాలామందికి కావాల్సింది కూడా ఆ పాత నంబరే. అయితే ఈ బండేసుకుని రోజూ ఆఫీసుకు వెళ్తామంటే కుదరదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోల్, రిపేర్ల లాంటి పనులకే రోడ్డెక్కాలి.

పెట్రోల్ ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్ వేయించుకున్న అంబాసిడర్లకు మన దగ్గర కొదవ లేదు. బయటికి బండి పాతదే, లోపల గుండె వేరే. ఇంజిన్ మార్చితే ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. అలా చేయించుకోని బండి చేతులు మారుతూ వస్తే చివరికి కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

'మ్యాచింగ్ నంబర్స్' అంటే ఏంటి..?

కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు ఉన్న ఇంజిన్, గేర్‌బాక్స్ వంటి ప్రధాన భాగాలే ఇప్పటికీ అందులో ఉన్నాయని నంబర్లు చెప్పడం. ఈ మాటను బాగా వ్యాప్తిలోకి తెచ్చింది అమెరికాలో షెవ్రొలే కార్వెట్, కమారో లాంటి కార్లను సేకరించేవాళ్లు. 1960ల చివరి షెవ్రొలే వీ8 ఇంజిన్లలో ముందు భాగాన, ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్‌కు కాస్త ముందు, ఒక చదునైన చోటు ఉంటుంది. ఇంజిన్ తయారైన ప్లాంట్, నెల, తేదీ, రకం అక్కడ పంచ్ చేసేవారు. కారు సీరియల్ నంబర్‌ కూడా అక్కడో, బ్లాక్‌పై మరోచోటో కొట్టేవారు. ఇది కాక బ్లాక్ పోత పోసినప్పుడే ఉబ్బెత్తుగా వచ్చే కాస్టింగ్ నంబర్, తేదీ వేరే ఉంటాయి. బ్లాక్ పోత పోసిన తేదీ కారు తయారైన తేదీ కంటే ముందే ఉండాలి. కారు ఏప్రిల్‌లో తయారై, బ్లాక్ మీద జూన్ ఉందంటే.. ఆ ఇంజిన్ తర్వాత వచ్చి చేరిందే.

మన పాత కార్ల నంబర్‌ను ఆన్‌లైన్ డీకోడర్‌లో కొడితే ఫలితం రాదు. ఇప్పుడు చూస్తున్న 17 అంకెల వీఐఎన్ అమెరికాలోనే 1981 మోడళ్ల నుంచి తప్పనిసరైంది. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క.

ఎలా చూడాలి..?

ముందు ఆర్సీ బుక్. చేతిరాత రోజుల్లో 3ను 8గా, 1ని 7గా రాసేయడం మామూలే. అందుకే ఒక్క అంకె తేడా కనిపించగానే మోసం అనేయకూడదు. తొలి రిజిస్ట్రేషన్ జరిగిన ఆర్టీవో ఆఫీసులో బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్‌కు అప్లై చేస్తే అసలు ఎంట్రీ ఏంటో తేలుతుంది. పాత బండ్ల వివరాలు 'వాహన్'లో కనిపించకపోవచ్చు కాబట్టి ఈ తిరుగుడు తప్పదు. ఎన్‌సీఆర్‌బీ 'వాహన్ సమన్వయ్'లో దొంగ బండేమో కూడా చూసుకోవాలి.

తర్వాత బండి. నంబర్ ఉన్న చోట జిడ్డును కిరోసిన్, మెత్తటి బ్రష్‌తో తుడవాలి. గ్రైండర్, ఎమెరీ పేపర్ జోలికి అస్సలు పోవద్దు. టార్చ్‌లైట్‌ను పక్క నుంచి వేస్తే అరిగిన అంకెలు కూడా నీడలో తేలతాయి. ఫొటో తీసి, కాగితం పెట్టి పెన్సిల్ ప్రింట్ కూడా తీసుకుంటే మంచిది.

నకిలీ పంచ్‌ను పట్టేది అంకెలు కాదు, వాటి చుట్టూ ఉన్న లోహం. ఫ్యాక్టరీలో మెషీన్ కోసిన సన్నటి గీతలు ఆ చదును మీద ఉంటాయి. పాత నంబర్ చెరిపి కొత్తది కొట్టాలంటే ఆ గీతలూ పోతాయి. మరీ నున్నగా ఉన్నా, గీతలు అడ్డదిడ్డంగా ఉన్నా అనుమానించాల్సిందే. నంబర్ ప్లేటు రివెట్లతో బిగించి ఉంటే ఆ రివెట్లు కొత్తవేమో చూడాలి. ప్లేటు మార్చడం ఎంతసేపు?

దొంగలే కాదు, మంచి మెకానిక్ కూడా నంబర్ పోగొట్టగలడు. ఇంజిన్ రీబిల్డ్‌లో బ్లాక్ పైభాగాన్ని లేత్ షాపులో ఫేసింగ్ చేయిస్తే షెవ్రొలే లాంటి ఇంజిన్లలో నంబర్ అందులోనే కొట్టుకుపోతుంది. అంబాసిడర్, ఫియట్ 1100లకు లారీలా విడి ఛాసిస్ ఫ్రేమ్ ఉండదు, బాడీయే ఛాసిస్. తుప్పుపట్టిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేసేటప్పుడు నంబర్ ఉన్న ముక్క తుక్కులోకి వెళ్లిపోతే, ఎంత ఒరిజినల్ బండైనా ఇన్‌స్పెక్షన్‌లో నిరూపించుకోవడం కష్టం. ఆ ముక్కను ముట్టుకోవద్దని షెడ్డువాళ్లకు ముందే చాక్‌పీస్‌తో గీసి చూపించాలి.

నంబర్లు కలవకపోతే కారు పారేయాల్సిన పనిలేదు. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ ఎప్పుడో మార్చి ఆర్సీలో ఎక్కించి ఉంటే బండి నడుపుకోవడానికి ఇబ్బంది లేదు. కాకపోతే 'మ్యాచింగ్ నంబర్స్' ధర ఇవ్వక్కర్లేదు, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ఛాసిస్ నంబర్ దగ్గర గ్రైండింగ్ గుర్తులు కనిపిస్తే మాత్రం అడ్వాన్స్ కూడా ఇవ్వకుండా వెనక్కి వచ్చేయాలి.