మూడు నగరముల సంగీతము

తాను పాడక, వాద్యము వాయింపక, ఇతరుల పాటల ప్లేట్లను త్రిప్పెడివానికి సంగీత చరిత్రలో స్థానమేమని పలువు రడుగుదురు. అట్టివానిని డీజే యందురు. ఆ ప్రశ్నకు ఫ్రాంకీ నకల్స్ చరిత్రమే సమాధానమని నా యభిప్రాయము.

ఇతడు 1955లో న్యూయార్కు నగరమున జన్మించిన నల్లజాతివాడు. అచ్చటి నృత్యశాలలలో లారీ లెవాన్ అను మిత్రునితో గూడ ఈ విద్య నభ్యసించి, 1977లో చికాగో చేరెను. జెఫర్సన్ వీధిలోని 'వేర్‌హౌస్' అను శాల యతని కొలువుకూట మయ్యెను. అచ్చటికి వచ్చువారిలో అధికులు నల్లవారు, లాటినోలు. అందును పురుషులను ప్రేమించు పురుషులు పెక్కుమంది. బయట తలయెత్తి తిరుగలేనివారు అక్కడ తెల్లవారువరకు నిర్భయముగ నాడిరి. ఆ యాశ్రయమును విడిచి ఆ సంగీతమును గూర్చి చెప్పుట సగము చెప్పుటయే.

1979 జూలై 12వ తేదీన అదే నగరమున, బేస్‌బాల్ మైదానములో, డిస్కో ప్లేట్లను పోగువేసి ప్రేల్చివేసిరి. వేలకొలది జనులు మైదానముపై బడగా నాటి రెండవ యాట నిలిచిపోయెను. పెద్ద కంపెనీలు డిస్కోనుండి వెనుదీసినవి. నకల్స్ మాత్రము పాత పాటల టేపులను కత్తిరించి, అతికించి, జనులు మెచ్చిన తాళభాగమును పొడిగించి, వానినే క్రొత్తవిగ వినిపించెను. వేర్‌హౌస్ పేరే కురుచయై 'హౌస్' సంగీత మయ్యెనని ప్రసిద్ధి.

ఇక డెట్రాయిటు. మోటారుకార్ల పట్టణము, చికాగోకు సుమారు 280 మైళ్లు. అచ్చట వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అను యువకులు యంత్రములతో వేరొక సంగీతమును కూర్చుచుండిరి. వీరిలో మే చికాగోకు వచ్చి నకల్స్ కొలువున ముగ్ధుడై, జపాను దేశపు రోలాండ్ కంపెనీ చేసిన 909 అను మృదంగయంత్రము నతని కమ్మెను. (మృదంగయంత్ర మనుట నా కల్పన, అంతకన్న తగిన మాట దొరకలేదు.) తాళమును ముందుగ నమర్చినచో అది యలయక గంటలకొలది వాయించును. నకల్స్ ఆ దెబ్బను తన ప్లేట్లకు జోడించెను. న్యూయార్కు పాట, చికాగో శాల, డెట్రాయిటునుండి వచ్చిన యంత్రము—మూడును ఒక్క బల్లపై గలిసినవి!

1988లో డెట్రాయిటు పాటలను ఇంగ్లండులో సంపుటముగ వెలువరించునపుడు మొదట 'హౌస్' అనియే పేరిడ దలచిరి. పిదప ఆట్కిన్స్ పాటనుబట్టి 'టెక్నో' యనిరి. పేర్లు వేరైనను చుట్టరికము దాగలేదు.

2004లో ఆ వీధిభాగమునకు నకల్స్ పేరు పెట్టిరి. 2014లో అతడు మరణించెను. 2023లో నగరసభవారు ఆ పాత కట్టడమును రక్షింపదగిన చారిత్రక స్థలముగ ప్రకటించిరి.