మాతో రా: బ్రో ఎంసీస్ పాట వెనక ఉన్న భూమి కథ



కోయ, గోండి మాటలకు బీట్ కలిపి పాడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మనలో పెరుగుతున్నారు. వెంటనే ఒక ప్రశ్న కూడా వస్తోంది: "రాప్ మనది కాదు కదా, డోలు ఉండగా ఇదెందుకు?" పెద్దవాళ్లు అడిగే ఈ మాటను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. అందుకే ఇదే ప్రశ్నను పదమూడేళ్లకు పైగా మోసిన ఒక బృందం చరిత్రను ఇక్కడ పెడుతున్నాం. వాళ్ల పేరు బ్రో ఎంసీస్. బ్రెజిల్‌లో తొలి ఆదివాసీ రాప్ బృందంగా వాళ్లకు గుర్తింపు ఉంది.

ముందు ఊరి సంగతి. బ్రెజిల్‌లో పరాగ్వే సరిహద్దును ఆనుకుని మాతో గ్రోసో దో సుల్ రాష్ట్రం ఉంది. అది గ్వరానీ కైయోవా జనం నేల. 19వ శతాబ్దం చివర్లో ప్రభుత్వం అక్కడి అడవులను మాతే ఆకు తీసే ఒక పెద్ద కంపెనీకి అప్పజెప్పింది. మాతే అంటే వాళ్లు టీలాగా తాగే ఆకు. ఆ తర్వాత పశువుల ఆసాములు వచ్చారు, వాళ్ల వెనకే సోయా, చెరకు వచ్చాయి. 1915 నుంచి 1928 మధ్య ప్రభుత్వం ఎనిమిది చిన్న రిజర్వులు గీసి, చెల్లాచెదురుగా బతికే జనాన్ని వాటిలోకి నెట్టింది. 1917లో ఏర్పడిన దౌరాదోస్ రిజర్వు వాటిలో ఒకటి. దాని విస్తీర్ణం సుమారు 3,500 హెక్టార్లు. ఇప్పుడు అక్కడ 13 వేలకు పైగా జనం ఉంటున్నారు. లెక్క వేస్తే మనిషికి ముప్పాతిక ఎకరం కూడా రాదు.

1988 రాజ్యాంగం ఆదివాసుల భూములను గుర్తించి ఐదేళ్లలో హద్దులు వేయాలంది. ఆ గడువు 1993లోనే దాటిపోయింది, పని మాత్రం పూర్తి కాలేదు. పూర్వీకుల నేల తకువారాకు తన జనంతో తిరిగి వెళ్లిన కైయోవా పెద్ద మార్కోస్ వెరోన్‌ను 2003 జనవరిలో కొట్టి చంపారు. కాగితం మీద హక్కు ఉండి కాలి కింద భూమి లేకపోవడం ఎలా ఉంటుందో, 1/70 చట్టం ఉన్న చోట పుట్టిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దౌరాదోస్ రిజర్వులోని జాగ్వాపిరు, బొరొరో పల్లెల నుంచే బ్రో ఎంసీస్ వచ్చారు. బ్రూనో వెరోన్, క్లెమెర్సన్ బతిస్తా అన్నదమ్ములు. కెల్విన్, చార్లీ పెయ్‌షోతో కూడా అన్నదమ్ములే. సావో పాలో శివారు బస్తీల నల్లజాతి యువకుల బృందం రసియోనాయిస్ ఎంసీస్ పాటలు వీళ్లను కదిలించాయి. ఆ బృందం 1997లో తన పేరుమోసిన ఆల్బమ్‌ను సొంత లేబుల్ మీదే తెచ్చింది. పెద్ద కంపెనీ గడప తొక్కకుండా కూడా జనంలోకి వెళ్లొచ్చని ఆ దారి చూపించింది. 2009లో బ్రో ఎంసీస్ మొదలైంది.

వాళ్లు గ్వరానీలో పాడతారు, మధ్యలో పోర్చుగీసు కలుపుతారు. గ్వరానీ తమ ఇంటివాళ్ల కోసం, పోర్చుగీసు బయటివాళ్ల చెవికి చేరడం కోసం. గ్వరానీ ఆలోచనలో మాటకూ ప్రాణానికీ పేరు ఒక్కటే: 'న్యే'. అలాంటి జనం దగ్గర భాష పోవడం అంటే ఏంటో ఊహించండి.

వాళ్ల పాటల్లో బాగా పేరొచ్చిన ఒకదాని పేరు 'ఎజు ఒరెందివే'. తెలుగులో చెప్పాలంటే 'మాతో రా'. ఇక్కడ ఒక విశేషం ఉంది. తెలుగులో 'మేము', 'మనం' వేరు కదా, గ్వరానీలో కూడా 'ఒరే', 'న్యాందే' అని అలాగే వేరు. పోర్చుగీసులో రెండింటికీ ఒకటే మాట. పాట పేరులో ఉన్నది 'ఒరే', అంటే 'మేము'. మాకు అర్థమైంది ఇదీ: వినేవాడిని తోసేయడం లేదు, రమ్మంటున్నారు. కానీ వాడు అప్పుడే 'మనం' అయిపోలేదు. ముందు మాతో నాలుగడుగులు నడువు, తర్వాత చూద్దాం అన్నట్టు ఉంది.

2022 సెప్టెంబర్ 3న వాళ్లు రాపర్ షామాన్‌తో కలిసి రాక్ ఇన్ రియో వేదికెక్కారు. అదే ఏడాది జూన్‌లో, అదే రాష్ట్రంలోని అమంబాయి దగ్గర, గ్వాపొయ్ భూమిలో జరిగిన పోలీసు చర్యలో ఒక కైయోవా మనిషి ప్రాణం పోయింది. కాబట్టి పాట భూమిని తెచ్చిపెట్టిందని మేము చెప్పం. అయితే పొలాల మధ్య అణిగిపోయిన గొడవను పాట లక్షల మంది ముందు పెట్టింది. "మీ భాష ఎందుకూ పనికిరాదు" అని విని పెరిగే పిల్లలకు ఆ భాష మైకులో వినిపించింది.

ఇక మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. బీట్ ఎక్కడిదైనా కావచ్చు. మాట ఎవరిది, ఎవరి భూమి గురించి, ముందు ఎవరికి అర్థం కావాలని పాడుతున్నాం అన్నవే అసలు లెక్క. డోలును పక్కన పెట్టమని ఎవరూ అనడం లేదు. డోలు కొట్టే తాతను, రాప్ రాసే మనవడిని ఒక్కచోట కూర్చోబెడదాం. తాత దగ్గరున్న పాత మాటలు మనవడికి చేరాలి. మీ ఊళ్లో ఎవరైనా మన భాషలో రాస్తుంటే, ఆ మాటలకు అర్థంతో సహా ఇక్కడ పెట్టండి.

జై ఆదివాసీ.